నాన్నగారి పబ్లిషింగ్ సంస్థ చేతికొచ్చింది, డిజిటల్ మెషీన్ కొనాలా, ఈబుక్స్‌కి వెళ్ళాలా, పాత స్టాఫ్‌ని ఏం చేయాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తాను. విజయవాడలో నాన్నగారు నడిపిన పుస్తకాల సంస్థ, నాలుగొందల దాకా టైటిల్స్, గోడౌన్ నిండా స్టాకు. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో ఏళ్ళ తరబడి పేజీలు కూరుస్తున్న ఇద్దరు డీటీపీ ఆపరేటర్లు, ఒక పెద్దాయన ప్రూఫ్ రీడరు. మీరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వచ్చారు. ఫ్రెండ్సేమో డిజిటల్ ప్రింటింగ్ మెషీన్ కొను, యాప్ పెట్టు, ఏఐ ఉండగా ఈ ముగ్గురెందుకు అంటున్నారు, నాన్నగారు మాత్రం దేన్నీ కదపొద్దంటున్నారు. ఇంతే కదండి.

సూటిగా చెప్తాను. మెషీన్ కొనకండి. యాప్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఆ ముగ్గురినీ ఉంచండి. మొదటి ఏడాది మీ డబ్బూ టైమూ రెండు పనుల మీద పెట్టండి, ఒకటి రచయితలతో హక్కుల కాగితాలు, రెండోది ఉన్న పుస్తకాల ఫైళ్ళు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లోకి తేవడం. ఈ రెండూ లేకుండా ఏ టెక్నాలజీ తెచ్చినా దాన్లో పెట్టడానికి మీ దగ్గర సరుకుండదు. ప్రింటింగ్ మాత్రం రేపట్నుంచే మార్చొచ్చు, దానికి కొనాల్సిందేం లేదు.

నేను సీసం అక్షరాల రోజుల్లో ప్రెస్సులో చేరి, తర్వాత డీటీపీ, ఆ తర్వాత పబ్లిషింగ్ హౌసుల్లో ప్రొడక్షన్ చూసినవాణ్ణి. టెక్నాలజీ మారినప్పుడు లోపల మనుషులు ఏం చేస్తారో, ఓనర్లు ఏం చేస్తారో దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా.

ముందు గోడౌన్ సంగతి, ఎందుకంటే మీ డబ్బు ఇరుక్కుంది అక్కడే. వెయ్యి, రెండు వేలు వేసి గోడౌన్లో పెట్టుకునే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా అండి. లెటర్‌ప్రెస్ రోజుల్లో, అంటే సీసం అక్షరాలతో అచ్చేసే రోజుల్లో తెలుగు కంపోజింగ్ అంటే నరకం, గుణింతాలు, వత్తులు కలిపి కేసుల్లో వందల రకాల అక్షరాలు ఉండేవి, కంపోజిటర్ స్టిక్ చేత్తో పట్టుకుని నిలబడి ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాడు. ఒక షీటు మీద వచ్చే పదహారు పేజీల ఫారం అచ్చవగానే ఆ అక్షరాల్ని విడదీసి మళ్ళీ కేసుల్లో వేసేయాలి, లేకపోతే తర్వాతి ఫారానికి సీసం చాలదు. అంటే రెండో ప్రింటు కావాలంటే మొత్తం మళ్ళీ మొదట్నుంచి కంపోజ్ చేయాల్సిందే, మళ్ళీ ప్రూఫులు చూడాల్సిందే. అందుకే అమ్ముడవుతాయో లేదో తెలియకపోయినా ఒకేసారి ఎక్కువ కాపీలు వేసుకునేవాళ్ళు, అప్పటికి అది సరైన లెక్కే. సీసం పోయింది, ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, ఫైలు పదేళ్ళైనా అలాగే ఉంటోంది, కానీ ఎక్కువ వేసుకునే అలవాటు మాత్రం పోలేదు. ఆఫ్‌సెట్‌లో కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ రేటు తగ్గుతుంది కదా, అది చూపించి ఆ అలవాటుని సమర్థించుకుంటూ వచ్చాం.

ఉదాహరణకి రెండొందల పేజీల పుస్తకం ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలేస్తే కాపీ డెబ్బై పడిందనుకుందాం, అదే డిజిటల్‌లో రెండొందల కాపీలకి నూట పది పడిందనుకుందాం. నాన్నగారు నలభై రూపాయలు నష్టం అంటారు. కానీ మొదటి దాన్లో మీరు పెట్టింది డెబ్బై వేలు, రెండో దాన్లో ఇరవై రెండు వేలు. ఆ వెయ్యిలో నాలుగొందలు అమ్ముడై మిగతావి చెదలకి పోతే అమ్ముడైన ఒక్కో కాపీ మీకు పడింది డెబ్బై కాదు, నూట డెబ్బై ఐదు. గోడౌన్ అద్దె వేరే. పుస్తకం మీద జీఎస్టీ లేదు గానీ మీరు కొనే కాగితం మీద ఉంది, అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి కాగితం మీద కట్టింది వెనక్కి రాదు, అమ్ముడవని ప్రతి కాపీలో ఆ పన్ను కూడా ఇరుక్కుని ఉంటుంది. పైగా డిస్ట్రిబ్యూటర్‌కి నలభై శాతం దాకా కమిషన్ పోతుంది, ఆ డబ్బులు చేతికి రావడానికి నెలలు.

అందుకని కొత్త పుస్తకం మొదట రెండొందలో మూడొందలో డిజిటల్‌లో వేయండి, జనవరి పుస్తక మహోత్సవానికి అడుగుతారనిపించిన వాటినే ఆఫ్‌సెట్‌కి పంపండి. దీనికి మీకు సొంత మెషీన్ ఎందుకు చెప్పండి, విజయవాడలో, హైదరాబాద్‌లో డిజిటల్ ప్రింటర్లు బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళలో వాళ్ళకే పోటీ. మెషీన్ కొన్నారంటే ఈఎంఐ కోసం దాన్ని తిప్పడం మీ వ్యాపారం అయిపోతుంది, పెళ్ళి కార్డులు, కాలేజీ బ్రోచర్లు వేసుకుంటూ కూర్చుంటారు, పుస్తకాలు పక్కకి పోతాయి. అలా పబ్లిషర్లుగా మొదలై జాబ్ వర్క్ ప్రెస్సులుగా మిగిలినవాళ్ళని చూశాను. ఒక్క జాగ్రత్త, డిజిటల్‌లో బైండింగ్ దగ్గర మోసపోతారు. నాలుగొందల పేజీలు దాటినవి గమ్ బైండింగ్ చేయిస్తే రెండోసారి తెరిచేసరికి పేజీలు ఊడొస్తాయి, అలాంటివాటికి కుట్టు బైండింగే చేయించండి, ఖర్చైనా సరే. పోస్టులో పంపేవాటికి 2024 డిసెంబర్‌లో పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశారు, 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, మూడొందల గ్రాముల లోపు ఇరవై రూపాయలతో మొదలు. మీ పుస్తకాల్లో ఏవి దాని కిందకి వస్తాయో పోస్టాఫీసులో కనుక్కుని, వెబ్‌సైట్లో పోస్టల్ చార్జీలు దాన్ని బట్టి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, హక్కులు. నాలుగొందల టైటిల్స్ ఉన్నాయన్నారు. వాటిలో ఎన్నిటికి రాతపూర్వకమైన అగ్రిమెంటుంది? మన దగ్గర చాలావరకు నోటిమాట, ఓ పోస్టుకార్డు, కొన్ని కాపీలిచ్చి శాలువా కప్పడం, అంతే. నాన్నగారి మీద గౌరవంతో ఎవరూ అడక్కపోయి ఉండొచ్చు, మీరొచ్చి ఆడియో బుక్ పెట్టగానే అడుగుతారు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క. అన్నిటికంటే ముఖ్యం, 2012లో చేసిన సవరణ. అగ్రిమెంట్ రాసుకున్న రోజుకి వాడకంలో లేని మాధ్యమానికి, దాని పేరు పెట్టి రాస్తే తప్ప ఆ అగ్రిమెంట్ వర్తించదు. ఆ సవరణకి ముందు రాసుకున్న కాగితాల సంగతి లాయర్‌తో మాట్లాడండి, కానీ చట్టం ఎటున్నా ఎనభైల్లో పుస్తకంగా వేసుకోమని ఇచ్చినాయన ఈబుక్కీ ఆడియోకీ కూడా ఒప్పుకున్నట్టే అని మీరు అనుకోవడం మాత్రం న్యాయం కాదండి.

రచయిత చనిపోయాక అరవై ఏళ్ళు హక్కులు వారసులవి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఒకరు అమెరికాలో, ఒకరు గుంటూరులో, ఒకరితో ఒకరికి మాటల్లేవు, ఇలా ఉంటాయి. వాళ్ళందరి సంతకాలు తేవడానికి నెలలు పడుతుంది. అందుకే మొదట అదే మొదలెట్టమంటున్నా. ఒక్క పేజీ కాగితం చాలు, అచ్చు, ఈబుక్, ఆడియో మూడూ విడివిడిగా, ఒక్కోదానికి రాయల్టీ శాతం, ఎన్నేళ్ళు, లెక్క ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారు, అంతే. అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు మీకొద్దు, రచయిత దగ్గరే ఉండనివ్వండి, అవి కూడా లాక్కోవాలని చూస్తే సంతకాలే పెట్టరు. ఆ కాగితంతో పాటు ఇన్నాళ్ళ బాకీ రాయల్టీ ఏదైనా ఉంటే చెక్కు కూడా పట్టుకెళ్ళండి. ఏఐ ట్రైనింగ్‌కి ఈ పుస్తకం ఇవ్వాలంటే మళ్ళీ రచయితని అడిగే ఇస్తాం అని ఒక లైను చేర్చండి, ఈ రోజుల్లో ఆ లైను చూస్తే రచయితలకి మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇక ఫైళ్ళు. మీ దగ్గరున్న పేజ్‌మేకర్ ఫైళ్ళు అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. అను ఫాంటు తీసేస్తే ఆ ఫైల్లో ఉండేది పిచ్చి ఇంగ్లీష్ గుర్తులు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో, మీ ఆపరేటర్లు పాత విండోస్ సిస్టం ఒకటి జాగ్రత్తగా కాపాడుకుంటూ ఉంటారు చూడండి, అది పాడైతే నాలుగొందల పుస్తకాలూ పోయినట్టే. ముందు ఈ వారమే ఆ హార్డ్ డిస్కు రెండు చోట్ల కాపీ చేయించండి, ఫాంట్లతో సహా. అందులో ఏ ఫోల్డర్లో ఏముందో, ఏ ఫైల్లో ఆఖరి కరెక్షన్లు ఎక్కాయో ఆ ఇద్దరికే తెలుసు. నాకు తెలిసిన ఒక సంస్థలో కొత్తగా వచ్చిన మేనేజర్ సీనియర్ ఆపరేటర్‌ని పక్కన పెట్టేసి కుర్రాళ్ళని తెచ్చుకున్నాడు, ఆయన మానేసి వెళ్ళిపోయాడు. ఆర్నెల్ల తర్వాత ఒక పెద్ద పుస్తకం రీప్రింట్‌కి కరెక్షన్లు ఎక్కని పాత ఫైలు ప్లేట్లకి వెళ్ళింది, ప్రూఫ్ రీడర్ మూడుసార్లు చూసి దిద్దిన తప్పులన్నీ మళ్ళీ అచ్చయ్యాయి, ఆ రచయిత ఇంకెప్పుడూ ఆ సంస్థకి పుస్తకం ఇవ్వలేదు.

యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, నొక్కగానే అయిపోతుందని అనుకోకండి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, ఇలా వత్తు కింద వత్తు ఉన్న మాటల దగ్గర తప్పులొస్తాయి, మధ్యలో ఇంగ్లీష్ మాటలూ అంకెలూ ఉంటే అవి వేరే అక్షరాలుగా మారిపోతాయి, ఛందస్సున్న పద్యాల్లో లైన్లు కలిసిపోతాయి. ఫైలు లేని పాత పుస్తకాలు స్కాన్ చేసి ఓసీఆర్ చేయాలి, అంటే ఆ బొమ్మలోంచి కంప్యూటర్‌తో అక్షరాలు చదివించాలి, అక్కడ ధ, థ తారుమారవుతాయి, వ, ప, ష ఒకదానికొకటి అవుతాయి. యూనికోడ్‌లోకి వచ్చాక పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి, అది తెలియక వత్తులు విడిపోయి కనపడితే యూనికోడ్ పనికిరాదని మీ ఆపరేటర్లే తేల్చేస్తారు. ఫాంటు మారితే పేజీలు కూడా మారతాయి, రెండొందల ఎనిమిది పేజీలకి సరిపోయిన పుస్తకం రెండొందల పన్నెండుకి వెళ్ళిందంటే ఫారం లెక్క తప్పి కాగితం వేస్ట్, అది ముందే చూసి సైజు సర్దుకోవాలి. కీబోర్డు గురించి భయపడొద్దు, వాళ్ళకి అలవాటైన యాపిల్, మాడ్యులర్ లేఅవుట్‌లతోనే యూనికోడ్ టైప్ చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి.

నాలుగొందలూ ఒకేసారి పెట్టుకోకండి. గత మూడేళ్ళలో రీప్రింట్ అయినవి, ఫోన్ చేసి ఇంకా దొరుకుతుందా అని అడిగేవి, వాటితో మొదలెట్టండి, నా అంచనా మీ లిస్టులో అవి యాభైకి మించవు.

ఇక్కడ ఏఐ గురించి. నేను వ్యతిరేకిని కాదు, స్కాన్ చేసిన మేటర్లో తప్పులు గుర్తుపట్టడానికి, వెనక అట్ట మీద రాసే నాలుగు ముక్కల డ్రాఫ్టుకి, జాబితాలు తయారు చేయడానికి వాడుకోండి. కానీ మెషీన్‌ని మేటర్ దిద్దనివ్వకండి, తప్పు ఎక్కడుందో చూపించమనండి చాలు. ఎందుకంటే మొన్నామధ్య ఒక ఉత్తరాంధ్ర కథల పుస్తకం ఓసీఆర్ చేసి ఏఐతో క్లీన్ చేయించిన ఫైలు నా దగ్గరికి వచ్చింది. పైకి చూస్తే ఒక్క అక్షరం తప్పు లేదు, చదవడానికి హాయిగా ఉంది. పాత ప్రింటు పక్కన పెట్టి చూస్తే కథలో ముసలమ్మ "సేత్తన్నాను" అన్నచోటల్లా "చేస్తున్నాను" అని ఉంది, "ఒచ్చినాడు" పోయి "వచ్చాడు" వచ్చింది. ఆ రచయిత తన ఊరి మాట అచ్చులోకి తేవాలని రాసిన కథలవి, తప్పులు దిద్దుతున్నాననుకుని ఆ మెషీన్ మొత్తం కథల గొంతే మార్చేసింది. పట్టుకున్నది ఎవరంటే డెబ్భై దాటిన ప్రూఫ్ రీడరు, పాత పుస్తకం చదివినాయన. మీ పెద్దాయన్ని ఉంచమన్నది అందుకే. జాలితో చెప్పడం లేదు, ఏఐ వచ్చాక ఆయన పని ఇంకా విలువైందని చెప్తున్నాను.

ఈబుక్స్, ఆడియో సంగతి తొందరగా చెప్పేస్తా. తెలుగు ఈబుక్స్ కొత్తేం కాదు, కినిగె అనే ఈబుక్ సైటు 2010లోనే మొదలైంది. 2016 డిసెంబర్‌లో అమెజాన్ ఈబుక్ స్టోరు కిండిల్ ఇండియాలో ఐదు భారతీయ భాషల పుస్తకాలు పెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు, ఆ దెబ్బ మనకి గట్టిగానే తగిలింది. గూగుల్ ప్లే బుక్స్ తెలుగు తీసుకుంటుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి పోస్టు ఖర్చు పుస్తకం ధర కంటే ఎక్కువ కాబట్టి వాళ్ళ కోసం ఈబుక్ తప్పక పెట్టండి, దాని మీదే సంస్థ నడుస్తుందని మాత్రం లెక్కలేసుకోకండి. ఆడియోకి నాకు ఎక్కువ ఆశ ఉంది, చదవడం రాని తెలుగు పిల్లలూ, కారు నడుపుతూ వినేవాళ్ళూ, కళ్ళు సరిగా కనపడని పెద్దవాళ్ళూ వీళ్ళంతా కొత్త పాఠకులే. కాకపోతే మంచి గొంతు, స్టూడియో కలిపి ఒక్క పుస్తకానికే చాలా ఖర్చవుతుంది, ముందు రెండు పుస్తకాలు ఏదైనా ప్లాట్‌ఫారం వాళ్ళ ఖర్చుతో చేయించుకోండి, ఎక్స్‌క్లూజివ్ అని పదేళ్ళకి రాసివ్వకండి.

సొంత యాప్ వద్దని ఎందుకన్నానంటే చందమామ గుర్తుకొస్తుంది. 1947 జులైలో మొదలై దేశంలో ఎన్నో భాషల్లో పిల్లలు చదివిన పత్రిక. 2007లో జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది, టెక్నాలజీకి కొదవ లేదు, పాత సంచికలు ఆన్‌లైన్‌లో పెట్టారు, అది నిజంగా మంచి పని. కానీ ఆ కంపెనీయే అప్పుల్లో మునిగిపోయింది, 2013 కల్లా పత్రిక ఆగిపోయింది. టెక్నాలజీ చేతగాక ఆగలేదండి, పత్రిక బతుకు వేరే వ్యాపారం లెక్కలకి ముడిపడి ఆగింది. అటువైపు చూడండి, 1935లో ఇంగ్లండ్‌లో అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలు ఆరు పెన్నీలకి అమ్మినప్పుడు కొత్త మెషీనేం కనిపెట్టలేదు, అరవైల్లో మన ఎమ్మెస్కో పబ్లిషర్లు పాకెట్ పుస్తకాలు తెచ్చినప్పుడూ అదే సీసం, అదే ప్రెస్సు. సైజు, ధర, పుస్తకం ఎవరి చేతికి ఎలా చేరాలి, ఇవి ఆలోచించారు. మీ నుంచి సంస్థకి కావలసింది ఆ ఆలోచనే, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళు డబ్బులిస్తే దొరుకుతారు.

స్టాఫ్ గురించి ఇంకొక్క మాట. సీసం పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు నేను పనిచేసిన ప్రెస్సు ఓనరు కంపోజిటర్లని ఎవర్నీ తీసేయలేదు. పొద్దున కేసుల దగ్గర పని, మధ్యాహ్నం నుంచి కీబోర్డు నేర్చుకోవడం, జీతంలో కోత లేదు, నేర్చుకునేటప్పుడు తప్పులొస్తే తిట్టనని అందరి ముందూ చెప్పాడు. చుట్టుపక్కల వాళ్ళు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న కుర్రాళ్ళని తెచ్చుకున్నారు, వాళ్ళకి స్పీడుంది కానీ పేజీ తెలీదు, వత్తులు కింది లైను తలకట్టులకి తగులుతుంటే కూడా పట్టించుకునేవాళ్ళు కాదు. మా కంపోజిటర్లకి టైపింగ్ నెమ్మదే, కానీ ఒక పేజీ చూడగానే ఎక్కడ ఇరుకుందో, ఎక్కడ లూజుందో చెప్పేసేవాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో మంచి పుస్తకం పని అంతా మా ప్రెస్సుకే వచ్చింది. మీ ఇద్దరు ఆపరేటర్లకి కూడా అలాగే చేయండి, ఉద్యోగం పోదని మొదటి రోజే నోటితో చెప్పండి, వారంలో రెండు రోజులు పాత పని పూర్తిగా ఆపి ఇన్‌డిజైన్ మీద కూర్చోబెట్టండి, పక్కన మీరూ కూర్చోండి. రోజూ ఎనిమిది గంటలు ప్లేట్ల కోసం పరిగెత్తిస్తూ రాత్రిళ్ళు ఇంటి దగ్గర నేర్చుకోమంటే ఎవరూ నేర్చుకోరు. మొదటి యూనికోడ్ పుస్తకంలో వాళ్ళ పేర్లు వేయండి, అక్షరకూర్పు ఫలానా అని, మన పాత పుస్తకాల్లో ఆ మర్యాద ఉండేది.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఆయన కదపొద్దంటున్నది పరువు గురించి, ఆ భయం తప్పేం కాదు. హక్కుల కాగితాల పని ఆయనకే అప్పజెప్పండి. రచయితలకీ వాళ్ళ వారసులకీ మీరు ఫోన్ చేస్తే ఎవరో కొత్త కుర్రాడు సంతకం అడుగుతున్నాడనుకుంటారు, ఆయన చేస్తే ఇంటికి రమ్మని కాఫీ ఇచ్చి సంతకం పెడతారు. పేరు, ఫోన్ నంబరు, పుస్తకం, ఏ హక్కులు కావాలి, ఇలా ఒక జాబితా ప్రింటు తీసి పెద్దక్షరాల్లో ఆయన చేతికివ్వండి, ఆ యాభై పుస్తకాలవి ముందు. వాళ్ళ నుంచి వచ్చే ప్రతి సంతకం కాగితం ఆ రోజే స్కాన్ చేసి ఆ పుస్తకం ఫోల్డర్లోనే పెట్టేయండి. అగ్రిమెంట్ నమూనా రాసుకున్నాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, రాయల్టీ క్లాజుల్లో ఏం మార్చాలో చూసి చెప్తాను.